టవర్‌లో మాట వినపడాలి

రన్‌వే మొదట్లో నిలిచిన జెట్ ఇంజన్లు పూర్తి శక్తిని అందుకునే వేళ కంట్రోల్ టవర్ అద్దాలు సన్నగా అదురుతాయి. సరిగ్గా అప్పుడే మరో పైలట్ తనకందిన ఆదేశాన్ని తిరిగి చదివి వినిపిస్తుంటే, కంట్రోలర్ హెడ్‌సెట్‌ను అరచేత్తో చెవికి అదుముకుని ఒక్కో అంకెనూ ఏరుకోవలసి వస్తుంది. దీన్ని ఉద్యోగి ఓర్పుకు వదిలేయడం సరికాదని, ఇది విమాన భద్రతకు సంబంధించిన విషయమని మా అభిప్రాయం.

టవర్‌లోని శబ్దాన్ని చెవికి జరిగే హానితో మాత్రమే కొలవడం పెద్ద లోపం. పని ప్రదేశాల్లో ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ అన్న పరిమితి అనేక దేశాల్లో ఉంది. కానీ మీటరు దూరంలో మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్సే కనుక, ఆ పరిమితికి ఎంతో దిగువనే మాట హోరులో మునిగిపోతుంది. పైగా రేడియోలో వచ్చే గొంతు నిండు గొంతు కాదు. స, ఫ వంటి హల్లులను గుర్తుపట్టించే హెచ్చు పౌనఃపున్యాలు చాలావరకు దారిలోనే తెగిపోతాయి. మిగిలినదాన్ని ఇంజన్ల గంభీర ధ్వని కప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ఐదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకాలన్న నియమం పుట్టింది ఇలా ఒక అంకె మరో అంకెలా వినపడే పొరపాట్లను నివారించడానికే. ఇంగ్లిష్ మాతృభాష కాని కంట్రోలర్లకు ఈ శ్రమ మరింత ఎక్కువ. హోరులో మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే చూపించారు. ఒకరు గొంతు పెంచితే పక్కవారూ పెంచుతారు, చుట్టూ ఉన్న అద్దాలు ఆ గొంతులన్నిటినీ తిప్పికొడతాయి.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో రెండు విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మందిని బలిగొన్న ప్రమాదంలో అడ్డుపడింది ఇంజన్ల హోరు కాదు. రెండు ప్రసారాలు ఒకేసారి జరగడంతో రేడియోలో పుట్టిన కీచుధ్వని. అయినా కీలకమైన హెచ్చరిక సరిగా వినపడకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు. ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాట వాడకాన్ని అనుమతి ఇచ్చే, రద్దు చేసే సందర్భాలకే పరిమితం చేశారు. ఆ మాట చేరే గది మీదా అంతే శ్రద్ధ అవసరం.

చుట్టూ వినపడే శబ్దాన్ని అణిచే హెడ్‌సెట్లు ఇస్తే సరిపోతుందన్న వాదనను మేము అంగీకరించలేం. రెండు చెవులూ మూస్తే పక్క సీటులోని సహోద్యోగి హెచ్చరిక కూడా అందదు. మధ్య తగినంత ఖాళీ ఉన్న రెండు పొరల అద్దాలు, ధ్వనిని పీల్చుకునే పైకప్పు, తివాచీ, యంత్రాల ఫ్యాన్లను కింది అంతస్తుకు మార్చడం వంటి ఏర్పాట్లు నిర్మాణ దశలోనే జరగాలి. తనిఖీ కూడా ఖాళీ గదిలో కాక, విమానాలు వరుసకట్టే రద్దీ వేళ, కంట్రోలర్ కుర్చీ దగ్గర, ఎన్ని మాటలు స్పష్టంగా అందుతున్నాయో లెక్కించే పద్ధతిలో జరగాలి.