కుక్కలున్న ఫామ్‌హౌస్ వంటగదికి తలుపు ఒక్కటే చాలదు

ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి మా బంధువుల వాట్సాప్ గ్రూపులు మూడింటిలోనూ ఒకే మెసేజ్ తిరుగుతోంది. ఫామ్‌హౌస్‌లో కుక్కలు పెంచేవారికి వంటగది సూత్రాలట. వంటగదికి గట్టి తలుపు పెట్టి కుక్కల్ని బయటే ఉంచాలి. కింద అద్దంలా మెరిసే పెద్ద టైల్స్ వేయాలి. వారానికోసారి వెళ్లే ఇల్లే కదా, చవక బోర్డు కప్‌బోర్డులు, తలుపుల్లేని అరలు చాలు. మిగిలిన వంట కుక్కలకు పెట్టేస్తే చెత్త గొడవే ఉండదు. వాటి గిన్నెలు ఎత్తులో బిగించాలి, అరుగుదలకు మంచిది. రోజూ ఫినాయిల్ వేసి తుడవాలి. చివర్లో దండం పెట్టే చేతుల బొమ్మ, "అందరికీ పంపండి" అని మనవి.

చేవెళ్ల దాటాక మాకు చిన్న మామిడితోట, అందులో రెండు గదుల ఇల్లు ఉన్నాయి. శని, ఆదివారాలు అక్కడే ఉంటాం. బ్రూనో అని ఒక లాబ్రడార్, తోటలోకి తనంతట తానే వచ్చి ఉండిపోయిన కర్రి అనే ఊరకుక్క మాతో ఉంటాయి. ఆ వంటగదిని ఇప్పటికి రెండుసార్లు కట్టించాం. మొదటిసారి దాదాపు ఈ మెసేజ్ చెప్పినట్టే కట్టించాం, అప్పటికి మెసేజ్ రాకపోయినా. రెండోసారి ఎందుకు కట్టించాల్సి వచ్చిందో చెప్తాను.

ముందు తలుపు సంగతి. "తలుపు పెడితే సమస్యలన్నీ తీరిపోతాయి" అని రాసినాయన ఆదివారం మధ్యాహ్నం ఫామ్‌హౌస్‌లో వంట చేసి ఉండడు. నలుగురున్న ఇంట్లో తలుపు మాట అందరూ వింటారు. పద్దెనిమిది మంది వచ్చిన రోజు ఎవరు వింటారు? ఒక పిల్లాడు నీళ్లకని తెరుస్తాడు, మా ఆడపడుచు పళ్లేలకని తెరుస్తుంది, మా ఆయన రెండు చేతులా బిర్యానీ గిన్నె పట్టుకుని కాలితో తోస్తాడు. వేసేవాళ్లుండరు. కుక్క కాళ్ల మధ్యలోంచి దూరుతుంది. వేడి గిన్నె పట్టుకున్న మనిషి కాళ్లకు కుక్క అడ్డం పడటం కన్నా ప్రమాదం వంటగదిలో ఇంకోటి లేదు.

అసలు జనం వంటగదిలోకి ఎందుకొస్తున్నారో చూస్తే సగం పని అయిపోతుంది. నీళ్లు, గ్లాసులు, పళ్లేలు, ఫ్రిజ్. ఈ నాలుగింటినీ హాల్లోకి జరిపాం. స్టవ్ వైపు వంట చేసేవాళ్లు తప్ప ఎవరూ రావాల్సిన పని లేకుండా పోయింది. గుమ్మానికి నిండు తలుపు తీసేసి, మూడున్నర అడుగుల ఎత్తున సగం తలుపు పెట్టించాం. స్ప్రింగ్ ఉంది కాబట్టి ఎటు తోసినా తనే మూసుకుంటుంది. పైనుంచి మనం కనిపిస్తూ, మన మాట వినిపిస్తూ ఉంటుంది కాబట్టి బ్రూనో గోకడం, ఏడవడం మానేశాడు. వరండా వైపు గట్టు కింద అరలో ఒకదాన్ని ఖాళీగా వదిలి గోనెపట్టా పరిచాం. ఇప్పుడు వంట జరుగుతున్నంత సేపూ వాడు అందులోనే ఉంటాడు. కర్రి మాత్రం ఇప్పటికీ మామిడిచెట్టు కిందే.

టైల్స్ గురించి పెద్దగా వాదన అక్కర్లేదు. మెరిసే విట్రిఫైడ్ టైల్ మీద నాలుగు నీటిచుక్కలు పడితే మనమే జారతాం. కుక్క గోళ్లకు అక్కడ పట్టు దొరకదు, నాలుగు కాళ్లూ నాలుగు వైపులా పోతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో తుంటి కీలు జబ్బు అసలే ఎక్కువ. వయసు మీదపడిన కుక్క రోజూ ఇలా జారుతుంటే నడకే మానేస్తుంది. టైల్సే కావాలంటే షాపులో మ్యాట్ రకం అడగండి, డబ్బా మీద ఆర్10 లేదా ఆర్11 అని ఉందేమో చూడండి. జారుడును కొలిచే లెక్క అది, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. మేం తాండూరు బండలు వేశాం. మా దారిలోనే దొరుకుతాయి, మరీ నునుపుగా పాలిష్ పట్టించకపోతే జారవు, ఏప్రిల్‌లో కూడా చల్లగా ఉంటాయి. కుక్క ఎండలో తిరిగొచ్చి పొట్ట ఆనించి పడుకునే చోటు అదే. ఒక్క లోపం ఉంది. అది సున్నపురాయి జాతి, నిమ్మరసం, చింతపండు పులుసు పడి ఆరిపోతే మచ్చ దిగుతుంది. అందుకని కింద తాండూరు వేసినా గట్టు మీద గ్రానైటే ఉండాలి.

"వారానికోసారి వెళ్లే ఇంటికి చవక బోర్డు చాలు" అన్నది సరిగ్గా తలకిందుల మాట. రోజూ మనిషి తిరిగే ఇంట్లో బోర్డు ఎలాగో నెట్టుకొస్తుంది. ఐదు రోజులు కిటికీలు మూసి ఉండే ఇంట్లో తేమ బయటికి పోదు. మా మొదటి వంటగదిలో పార్టికల్ బోర్డు తలుపులు ఒక్క వానాకాలానికే ఉబ్బి అప్పడాల్లా అయ్యాయి. రెండో ఏడు సింక్ కింద చెదలు పట్టింది. మెరైన్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది, నీళ్లను బాగా తట్టుకుంటుంది గానీ దాని ఖర్చు దానికుంది. మేం చివరికి మా అమ్మమ్మ వంటింటి పద్ధతికే వచ్చాం. ఇటుక గోడలు, వాటి మధ్య కడప బండ అరలు, ముందు అల్యూమినియం తలుపులు. చెదలు తినడానికీ ఎలుక కొరకడానికీ అందులో ఏమీ లేదు. అరల అడుగున సందు వదలకుండా నేల దాకా కట్టేశాం.

తలుపుల్లేని అరలు ఫోటోల్లో బావుంటాయి. శనివారం పొద్దున తాళం తీసి చూస్తే గిన్నెల్లో దుమ్ము, బల్లి రెట్టలు, పోయిన వారం కుక్క రాల్చిన వెంట్రుకలు. మొదటి గంట గిన్నెలు కడగడానికే సరి. అక్కడికి సెలవుకి వెళ్తున్నట్టా, పనికి వెళ్తున్నట్టా?

కుక్కల మేత మాటా ఇక్కడే చెప్పాలి. ప్యాకెట్ తెరిచి అరలో పెట్టి వచ్చేస్తే ఐదు రోజులు ఎలుకలకు పండగ. ఎలుకలు వస్తే వాటి వెనక పాములొస్తాయి, తోట ఇళ్లల్లో ఈ వరస అందరికీ తెలిసిందే. బిగుతు మూత ఉన్న స్టీలు డ్రమ్ము కొనండి. ఎలుకల మందు మాత్రం వద్దు. బ్రోమాడయోలోన్ లాంటి మందు నేరుగా తిన్నా, అది తిని చచ్చిన ఎలుకను తిన్నా కుక్కకు ప్రమాదమే. రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, లక్షణాలు కొన్ని రోజుల తర్వాత గానీ బయటపడవు. ఈలోపు మనం సోమవారం ఆఫీసులో ఉంటాం.

ఇక అసలు గొడవ, "మిగిలిన వంట కుక్కలకు పెట్టేయండి" అన్నది. మెసేజ్‌లో మిగతావన్నీ డబ్బు నష్టం. ఇది మాత్రం ప్రాణానికే వస్తుంది.

మన వంటలో ఉల్లిపాయ, వెల్లుల్లి లేని కూర ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి. ఈ రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. తిన్న వెంటనే ఏమీ కనిపించదు, కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోయి కుక్క నీరసపడుతుంది. పాయసంలో వేసే కిస్‌మిస్, ద్రాక్షపళ్లు మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎందుకన్నది చాలాకాలం తేలలేదు. 2021లో అమెరికాలోని జంతువుల విష చికిత్సా కేంద్రం వైద్యులు టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం వ్యక్తం చేశారు. ఆ తర్వాత చింతపండు తిన్న కుక్కల్లోనూ అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్న కేసుల్ని ప్రచురించారు. చింతపండు పులుపంతా ఎక్కువగా ఆ ఆమ్లానిదే. తెలుగిళ్లలో మిగిలేదేమిటి? పులిహోర, చారు, పులుసు!

"మా తాత కుక్కలు చింతపులుసు అన్నం తిని పదేళ్లు బతికాయి" అని మా మామయ్యగారు అంటారు. బతికి ఉండొచ్చు. ఎంత తిన్నది, కుక్క ఎంత బరువు అన్నదాన్ని బట్టి ఉంటుంది, చారు నాకిన ప్రతి కుక్కా జబ్బు పడదు. కానీ ఆ రోజుల్లో కుక్క చచ్చిపోతే ఎందుకు చచ్చిపోయిందని ఎవరడిగారు?

కోడి ఎముకలు, మటన్ ఎముకలు ఉడికాక పెళుసుగా మారి చీలికలుగా విరుగుతాయి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. పిల్లలు తెచ్చే చాక్లెట్లూ విషమే, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో తీపి కోసం వాడే జైలిటాల్ కూడా విషమే. మే నెలలో మా తోటకు ప్రత్యేకమైన ప్రమాదం మామిడి టెంక. తీపి అంటుకుని ఉంటుంది కాబట్టి కుక్క మింగేస్తుంది, అది పేగుకు అడ్డం పడుతుంది. అంటే ఆపరేషనే. బ్రూనో ఒకసారి మింగి, అదృష్టం కొద్దీ అరగంటలో కక్కేశాడు. ఆ అరగంట టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

ఇవన్నీ వచ్చిన ప్రతి చుట్టానికీ వివరించలేం. వివరించినా, "పాపం ఎలా చూస్తోందో" అని చేయి జారుతుంది. అందుకే కట్టడంలోనే చూసుకోవాలి. సింక్ కింద చెత్తబుట్ట పెడితే దాని తలుపు ముక్కుతో తీయడం బ్రూనో వారంలో నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ అరకు బయట గడియ ఉంది. టెంకలకని వరండాలో మూత బకెట్ ఒకటి మనిషి భుజం ఎత్తున కొక్కేనికి వేలాడుతుంది. గట్టు ఎత్తు ముప్ఫై మూడు అంగుళాలు, లాబ్రడార్ వెనక కాళ్ల మీద లేస్తే దాని మీదున్నదేదీ భద్రం కాదు. వండినవి చల్లారడానికి గోడకు ఐదడుగుల ఎత్తున జాలీ అలమర బిగించాం. కుక్కలకు పెట్టేది పోపు పడకముందే తీసేస్తాం. ఉప్పూ కారం లేని అన్నం, ఉడికించిన చికెన్ ముక్కలు ఎముక తీసేసి, కాస్త పెరుగు.

గిన్నెలు ఎత్తులో బిగించమన్న సలహాకు రెండు ముక్కలు చాలు. 2000లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పదహారు వందలకు పైగా పెద్ద జాతుల కుక్కల్ని గమనిస్తే, ఎత్తు గిన్నెల్లో తినేవాటిలోనే పొట్ట ఉబ్బి మెలితిరిగే జబ్బు ఎక్కువగా కనిపించింది. మెడ నొప్పి ఉన్న ముసలి కుక్కకు డాక్టరే చెప్తే వేరే మాట.

ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద కుక్క నడుస్తుంది, తర్వాత పాదాలు నాకుతుంది. ముఖ్యంగా నల్ల ఫినాయిల్‌లోని పదార్థాలు దాని పొట్టకు మంచివి కావు, పిల్లులకైతే మరీ చేటు. సబ్బు నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరబెడితే చాలు. నేలకు కొంచెం వాలు, చివర గట్టి జాలీ ఉన్న తూము ఉంటే పది నిమిషాల పని. జాలీ మాత్రం తప్పనిసరి, ఆ తూములోంచి ఏమేం రావొచ్చో చెప్పక్కర్లేదు.

మెసేజ్ అసలు పట్టించుకోనిది గ్యాస్. 2024 జూన్‌లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఒక పెంపుడు కుక్క స్టవ్ మీదికి లేచినప్పుడు నాబ్ తిరిగి, పైనున్న డబ్బాలు అంటుకుని ఇంట్లో మంటలు లేచాయి. ఇంట్లోని కెమెరాలో అంతా రికార్డయింది. నాబ్‌లు ముందువైపు ఉన్న స్టవ్ అయితే వాటికి కవర్లు వేయండి. ఎల్పీజీ గాలి కన్నా బరువైనది, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. అందుకని సిలిండర్‌ను బయట గూట్లో పెట్టి, గూటికి అడుగునే గాలి కంతలు వదలాలి. ట్యూబును ఎలుకలు కొరుకుతాయి. లోపల స్టీలు తీగ అల్లిన నారింజ రంగు సురక్ష ట్యూబు వాడండి, దానికీ ఐదేళ్లే గడువు. ఆదివారం సాయంత్రం తాళం వేసేముందు రెగ్యులేటర్ కట్టేయడం మా ఇంట్లో పిల్లల డ్యూటీ.

మెసేజ్‌లో ఒక్కటి ఒప్పుకుంటాను. బూరెలో గారెలో వేయిస్తున్నప్పుడు కుక్క లోపల ఉండకూడదు. ఆ మాటకొస్తే మా మామయ్యగారు కూడా.

ఇదంతా గ్రూపులో పెడితే మా బాబాయి అన్నీ వదిలేసి ఒకటే అడిగాడు, "సగం తలుపుకి ఎంతయిందమ్మా?" అని. పాత నిండు తలుపునే వడ్రంగి కోసి చేశాడు బాబాయ్, స్ప్రింగ్ మడతబందులు మాత్రమే కొత్తవి. పై సగం ఇప్పుడు కుక్కలకు వానాకాలం పడక బల్ల.