నకిలీ లాగిన్ పేజీని పసిగట్టే పని ఉద్యోగిది కాదు

2022 జూలై 20న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో కనీసం 76 మంది ఉద్యోగులకు ఒక్క నిమిషం లోపే ఎస్ఎంఎస్‌లు వచ్చాయి. లింకు నొక్కితే ఆ సంస్థ వాడే ఓక్టా (ఉద్యోగుల లాగిన్‌లు చూసుకునే సేవ) పేజీకి అచ్చుగుద్దినట్టున్న నకిలీ పేజీ తెరుచుకునేది. డొమైన్ పేరులో క్లౌడ్‌ఫ్లేర్, ఓక్టా రెండూ ఉన్నాయి. దాన్ని రిజిస్టర్ చేసి అప్పటికి 40 నిమిషాలు కూడా కాలేదు. ముగ్గురు ఉద్యోగులు అందులో తమ పాస్‌వర్డ్ టైప్ చేశారు. ఇంటర్నెట్ భద్రతే వ్యాపారమైన సంస్థలోనే ఇలా జరిగితే, 'లింకు జాగ్రత్తగా చూసుకోండి' అనే శిక్షణ ఎంతవరకు కాపాడుతుంది?

అయినా దొంగలు లోపలికి రాలేదు. ఉద్యోగులందరి దగ్గరా ఫిడో2 హార్డ్‌వేర్ కీలు, అంటే పాస్‌వర్డ్‌తో పాటు లాగిన్‌కు తప్పనిసరైన చిన్న భద్రతా పరికరాలు, ఉన్నాయి. దాదాపు అదే రోజుల్లో, అదే తరహా దాడిలో ట్విలియో అనే మెసేజింగ్ సేవల సంస్థ కస్టమర్ల డేటా బయటికి పోయింది.

తేడా ఇక్కడుంది. యాప్ చూపించే ఆరంకెల కోడ్ ఏ సైట్‌లో కొట్టినా కోడే. నకిలీ పేజీ దాన్ని అప్పటికప్పుడు దొంగకు చేరవేస్తే, గడువు తీరేలోగా అతను అసలు పేజీలో కొట్టేస్తాడు. ఎవిల్‌జిన్‌ఎక్స్ లాంటి పనిముట్లు మనకూ అసలు సైట్‌కూ మధ్యలో ప్రాక్సీగా కూర్చుని, లాగిన్ అయ్యామని గుర్తుపెట్టే సెషన్ కుకీనే పట్టుకుంటాయి. ఫిడో2లో మాత్రం తానున్న సైట్ చిరునామాను బ్రౌజరే సంతకం చేయాల్సిన డేటాలో రాస్తుంది. కీ ఏ డొమైన్‌కు నమోదైందో అక్కడే పలుకుతుంది. మనిషి కన్ను మోసపోయినా నష్టం లేదు.

కన్ను మోసపోవడం ఎంత తేలికో అదే ఏడాది మార్చిలో ఎంఆర్‌డీ0ఎక్స్ అనే మారుపేరుతో రాసే పరిశోధకుడు చూపించాడు. 'గూగుల్‌తో లాగిన్' నొక్కితే వచ్చే చిన్న విండోను, తాళం గుర్తు, అడ్రస్ బార్‌తో సహా హెచ్‌టీఎంఎల్‌లో గీసేయొచ్చు. డెస్క్‌టాప్‌లో ఒక పరీక్ష ఉంది: ఆ విండోను పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించండి. గీసిన బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఈ కిటుకు పనికిరాదు.

ఇక సాఫ్ట్‌వేర్ సొంత లోపాలున్నాయి, వీటికి ఉద్యోగిని తప్పుపట్టే వీలే లేదు. లాగిన్ అయ్యాక ఎక్కడికి పంపాలో చెప్పే రీడైరెక్ట్ యూఆర్‌ఐ చివర అడ్మిన్ 'ఏదైనా సరే' అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టేసి వదిలేస్తాడు. ఆ సైట్‌లో ఎక్కడో ఓ ఓపెన్ రీడైరెక్ట్, అంటే లింకులో రాసిన ఏ బయటి సైట్‌కైనా పంపేసే పేజీ, ఉంటుంది. లింకు మొదలయ్యేది అసలు డొమైన్‌తోనే, లాగిన్ కూడా అసలుదే. ఆ తర్వాత వచ్చే 'పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ కొట్టండి' పేజీ మాత్రం దొంగది. కీక్లోక్ అనే లాగిన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ యూఆర్‌ఐ తనిఖీనే తప్పించుకునే లోపం, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2023-6291గా నమోదైంది. ఓఆథ్ అనే లాగిన్ పద్ధతి భద్రత కోసం 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 అనే ప్రమాణ పత్రం ఈ యూఆర్‌ఐని అక్షరం పొల్లుపోకుండా సరిపోల్చమంటోంది. సొంత కంప్యూటర్‌లోనే నడిచే యాప్‌ల పోర్ట్ నంబరుకే మినహాయింపు. శామ్ల్ అనే మరో లాగిన్ పద్ధతిలో, లాగిన్ తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పే రిలేస్టేట్‌కూ ఇదే జబ్బు.

యూఆర్‌ఎల్‌లో వచ్చిన ఎర్రర్ సందేశాన్ని లాగిన్ పేజీ మీద యథాతథంగా చూపించడం ఇంకో పొరపాటు. అందులో స్క్రిప్ట్ (దొంగ పెట్టిన కోడ్) నడవదు కదా అని టీమ్‌లు కొట్టిపారేస్తాయి. కానీ 'మీ ఖాతా లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని అసలు డొమైన్ మీదే కనిపిస్తే స్క్రిప్ట్ ఎందుకు? యూఆర్‌ఎల్‌లో ఎర్రర్ నంబరు మాత్రమే తీసుకుని, వాక్యం సర్వర్‌లోంచి చూపాలి. పాస్‌వర్డ్ రీసెట్ లింకును, అభ్యర్థనతో పాటు వచ్చే, దొంగ మార్చగల హోస్ట్ హెడర్ (సైట్ పేరు) నుంచి కాక, సెట్టింగ్స్‌లో రాసిపెట్టిన చిరునామా నుంచే తయారుచేయాలి.

పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్‌లో ఉండే ఫిడో2 కీలు) పెట్టిన చాలాచోట్ల 'మరో పద్ధతిలో లాగిన్' బటన్ కింద ఓటీపీ అలాగే ఉంటుంది. నకిలీ పేజీ ఆ దారి ఒక్కటే చూపిస్తుంది. దాన్ని ముందు అడ్మిన్ ఖాతాల్లో మూసేయాలి. మూసే ముందు ఒక్కొక్కరికి రెండేసి కీలు నమోదు చేయించాలి. లేకుంటే కీ పోయినవాళ్ల కోసం హెల్ప్‌డెస్క్ మళ్లీ ఓటీపీ తెరుస్తుంది.