మార్గశిర లక్ష్మివారాలు మా పర్లాకిమిడిలో

సంఘం అక్కలు నెలనెలా రాసే ఋతువుల ముచ్చట్లలో ఈసారి మార్గశిరం గురించి చదివి ఎంతో సంతోషించాను. ఒక్క సంగతి చేర్చాలనిపించింది. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఈ నెల రెండుసార్లు మొదలవుతుంది. ఒడియావాళ్లకి కార్తీక పున్నమి మర్నాడే మార్గశిరం వచ్చేస్తుంది, మనకి అమావాస్య దాటాలి. అందుకే పక్కింటి ఒడియా పిన్నిగారు మాణబసా గురువారాలు, అంటే వాళ్ల లక్ష్మీపూజలు, మాకంటే ముందే మొదలుపెడతారు. నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పిండిలో వేళ్లు ముంచి గుమ్మం నుంచి దేవుడి గది దాకా లక్ష్మి పాదాలు వేస్తారు. కొత్త ధాన్యం నింపిన మాణాన్ని, అంటే ధాన్యం కొలిచే పాత్రను, పీట మీద పెట్టి పూజ చేస్తారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. మా అమ్మ మొదటి లక్ష్మివారం పులగం, రెండోవారం అట్లు, తిమ్మనం నైవేద్యం పెడుతుంది. అట్లు అటు వెళ్తాయి, పిఠాలు, అంటే వాళ్ల పిండివంటలు, ఇటు వస్తాయి.

1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసింది గానీ మా ఇంట్లో పంచాంగం ఇప్పటికీ తెలుగుదే. ఇక్కడి పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి. వాళ్ల భవిష్యత్తు గురించి నాకున్న బెంగ ఇదే. దయచేసి పుష్యమాసం ముచ్చట్లలో ఈ లక్ష్మివారాల వ్రతకథను చిన్న చిన్న వాక్యాల్లో, పెద్ద అక్షరాలతో ఇవ్వండి అక్కా. మా వీధి పిల్లలందరిచేతా నేనే చదివిస్తాను.