మందు కంపెనీదే, మూలం మాత్రం విద్యార్థులది
వెనెటోక్లాక్స్ లాంటి క్యాన్సర్ మందులు పూర్తిగా ఫార్మా కంపెనీల ఘనతే, కణాల చావు మీద చేసే పీహెచ్‌డీలు పేపర్లకే పరిమితం అని ఒక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. కంపెనీల కెమిస్టుల పని చిన్నదని కాదు, రెండు ప్రోటీన్ల పట్టు విడదీసే అణువును తయారుచేయడం మాటలు కాదు. కానీ ఆ మందు అడ్డుకునే బీసీఎల్-2 అనే ప్రోటీన్ అసలు ఏం చేస్తుందో 1988లో చూపించిన డేవిడ్ వాక్స్ అప్పటికి మెల్‌బోర్న్‌లో పీహెచ్‌డీ విద్యార్థి. క్యాన్సర్ జన్యువంటే కణాలను గబగబా విభజింపజేసేదే అనుకుంటున్న రోజులవి. ఇదేమో చావాల్సిన కణాన్ని చావనివ్వదు, అంతే. దానికి రెండేళ్ల ముందు అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త దగ్గర చదువుతున్న హిలరీ ఎలిస్ కూడా విద్యార్థే. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగు పెరిగేటప్పుడు 131 కణాలు చనిపోవాలి. సెడ్-3, సెడ్-4 జన్యువుల్లో ఏ ఒక్కటి చెడినా అవి దాదాపు అన్నీ బతికిపోతాయని చూపింది ఆవిడే. మన కణాలను చంపే కాస్పేజులనే ఎంజైములు ఆ సెడ్-3కి చుట్టాలే. నేనూ హైదరాబాదులో కాస్పేజుల మీదే పీహెచ్‌డీ చేశాను. పగలంతా ప్రోటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలు, ఇంటికెళ్తే "మందు ఎప్పుడు కనిపెడతావురా?" అని మామయ్య ప్రశ్న. వెనెటోక్లాక్స్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2016లో, అంటే వాక్స్ పేపరు తర్వాత 28 ఏళ్లకు. మనకు పీహెచ్‌డీకి ఇచ్చే జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌లు కలిపితే ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో మందు రాలేదని లెక్కగట్టడం ఏం న్యాయమో వ్యాసం రాసినవారే చెప్పాలి.