అది వ్యాయామం కాదు, చాకిరీ

పోయిన ఆదివారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మీకూ ఏదో ఒక గ్రూపులో వచ్చే ఉంటుంది. వెనకటి ఆడవాళ్ళు రోట్లో రుబ్బేవారట, తిరగలి తిప్పేవారట, బండ మీద బట్టలు ఉతికేవారట, అందుకే ఏ నొప్పీ లేకుండా నూరేళ్ళు బతికారట. ఇప్పటివాళ్ళేమో ఇంట్లో మెషిన్లు పెట్టుకుని జిమ్ములకు డబ్బులు కడుతున్నారట. దాని కింద వరసగా దండాలు, చప్పట్లు. పెట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చూశాను. అందరూ మగవాళ్ళే. వాళ్ళందరినీ చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఒక్కరు కూడా ఒక దుప్పటి ఉతికి పిండిన మనిషి కాదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. నలుగురు పిల్లలం, బాపమ్మ, అమ్మ, బాపు. ఏడుగురి బట్టలు. క్వార్టర్ వెనక చిన్న జాగాలో నల్లా, దాని పక్కన బండ. నల్లా రోజు విడిచి రోజు పొద్దున వచ్చేది. నీళ్ళు ఉన్నంతసేపట్లోనే తాగడానికి పట్టాలి, డ్రమ్ములు నింపాలి, ఉతకాలి. అమ్మకు జ్వరం ఉన్నా, ఒళ్ళు బాగాలేకపోయినా నల్లా ఆగదు కదా.

బొగ్గు గనిలో ఒక షిఫ్టు పని చేసి వచ్చిన బట్టలు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? బయటి దుమ్ములాగా దులిపితే పోదు. చెమట, గ్రీజు, బొగ్గుపొడి మూడూ కలిసి బట్టకు జిడ్డులా పట్టేస్తాయి. కుట్ల లోపలికి, జేబు మూలల్లోకి, నాడా దూర్చే సందులోకి వెళ్ళి కూర్చుంటాయి. అమ్మ వాటిని రాత్రే వేడినీళ్ళలో బట్టల సోడా వేసి నానబెట్టేది. పొద్దున మొదటి నీళ్ళు పారబోస్తే సిరాలాగా ఉండేవి. రెండోసారీ నలుపే. మూడోసారి బూడిద రంగుకు వచ్చాక కానీ సబ్బు నురగ పట్టదు. అప్పుడు బ్రష్షు కొట్టాలి, బండకేసి బాదాలి, మళ్ళీ జాడించాలి. ఇదంతా ఒక్క జత బట్టలకు! ఆ పక్కన స్కూలు యూనిఫాంలు, చీరలు, తువ్వాళ్ళు, చిన్నవాడు తడిపిన బొంతలు కుప్పగా ఉండేవి.

దుప్పట్లు పిండడానికి అక్క, నేను చెరో కొస పట్టుకునేవాళ్ళం. అక్క ఒక పక్కకు, నేను ఇంకో పక్కకు మెలి తిప్పుతుంటే అమ్మ మధ్యలో పట్టుకుని గట్టిగా నొక్కేది. నీళ్ళు ఆమె మోచేతుల మీదుగా జారి జాకెట్ తడిసిపోయేది. మా ఇద్దరికీ అది ఆట. అమ్మకు అప్పటికి మూడో గంట.

ఇప్పుడు చేతుల సంగతి. సోడా నీళ్ళలో నాని నాని అమ్మ వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయేవి, చర్మం పొరలు పొరలుగా లేచేది. గోళ్ళ పక్కన చీలికలు. రాత్రి కొబ్బరినూనె రాసుకుని చేతులు దేనికీ తాకకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆదివారం పెద్ద ఉతుకుడు ఉండేది. ఆ మధ్యాహ్నం మేమంతా మామిడికాయ తొక్కు కలుపుకుని తింటుంటే అమ్మ ఒట్టి పెరుగన్నం తినేది. అమ్మకు తొక్కు ఇష్టం ఉండదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. కారం తగిలితే వేళ్ళు భగ్గుమంటాయని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఇంటికి ఏది ఎప్పుడు వచ్చిందో చెప్తాను, మీ ఇంటి లెక్క కూడా ఒకసారి వేసుకోండి. బ్లాక్ అండ్ వైట్ టీవీ 1991లో వచ్చింది. సెకండ్ హ్యాండ్ స్కూటర్ 1994లో. ఫ్రిజ్ 1998లో. వాషింగ్ మెషిన్ 2001లో. టీవీ వచ్చిన పదేళ్ళకు! నేను బాపును తప్పు పట్టడం లేదు. ఆయన ఎనిమిది గంటలు భూమి కింద ఉండి వచ్చేవాడు, ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఏ పనికి నెల తిరిగేసరికి జీతం వస్తుందో ఆ పనే ఇంట్లో అందరి కంటికీ కనిపించేది. అమ్మ పని కనిపించాలంటే అమ్మ ఇంట్లో లేకుండా పోవాలి.

అదే జరిగింది. ఆ ఏడాది వానాకాలంలో మంచిర్యాలలో అమ్మమ్మకు ఆపరేషన్ అయింది. అమ్మ పన్నెండు రోజులు అక్కడే ఉంది. వంట బాపమ్మ, అక్క చూసుకున్నారు. డ్యూటీ బట్టలు మాత్రం బాపు తనే ఉతుక్కున్నాడు. మొదటిసారి సగం బొగ్గు పోలేదు. రెండోసారి సోడా ఎక్కువై చేతులు మండాయి. మూడోసారి ఉతుకుతూ ఉతుకుతూ ఆపేసి, బండ మీద కూర్చుని నడుము పట్టుకున్నాడు. వాన వల్ల ఆరవు కదా, బొగ్గుపొయ్యి మీదుగా దండెం కట్టి ఆరేస్తే పొగ వాసనతోనే వేసుకుని పోయాడు. అమ్మ తిరిగొచ్చాక ఆయన దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

సింగరేణి కార్మికులకు కంపెనీ లాభాల్లో వాటా ఇవ్వడం అప్పటికి కొత్త, 1999-2000 నుంచే మొదలైంది. మా ఇంటికి అది వస్తుందనగానే చుట్టాలందరికీ సలహాలు పుట్టుకొచ్చాయి. కలర్ టీవీ కొనమని ఒకరు, పిల్లలకు బంగారం చేయించమని ఒకరు. బాపు ఒక సాయంత్రం ట్రాలీ ఆటోలో పెద్ద అట్టపెట్టెతో దిగాడు. సెమీ ఆటోమేటిక్, 7,500 రూపాయలు. "ఏందిది?" అంది అమ్మ. "నీకే. బట్టలకు" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు. అమ్మ కొంగుతో మూత మీద దుమ్ము తుడిచి, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ నిలబడింది.

మెషిన్ వస్తే ఆడవాళ్ళకు పని ఉండదని అనేవాళ్ళు సెమీ ఆటోమేటిక్ వాడి చూడాలి. బకెట్లతో నీళ్ళు పోయాలి, పైపు కిందికి దించి మురికినీళ్ళు వదలాలి, తడిబట్టలు తీసి, గిర్రున తిప్పి నీళ్ళు పిండే పక్క డబ్బాలో వేయాలి. అందులో బట్టలు ఒక పక్కకు ఒరిగితే మెషిన్ మొత్తం దడదడ ఊగుతూ గచ్చు మీద జరిగేది. మేం పిల్లలం పరిగెత్తుకెళ్ళి రెండు పక్కలా పట్టుకునేవాళ్ళం. కింది నుంచి ఎలుక దూరి రెండుసార్లు పైపు కొరికేసింది. బాపు జాలీ తెచ్చి బిగించాడు. అమ్మ తనకంటూ ఒక వరస పెట్టుకుంది. అదే సబ్బునీళ్ళలో ముందు తెల్లవి, తర్వాత స్కూలువి, తర్వాత రంగువి, ఆఖరుకు డ్యూటీ బట్టలు. డ్యూటీ బట్టలకు రెండు నీళ్ళు చేత్తో తీయడం అప్పటికీ తప్పలేదు. అయినా బాదడం పోయింది, పిండడం పోయింది, వంగి కూర్చోవడం పోయింది. వానాకాలంలో కూడా బట్టలు సగం ఆరి బయటికి వచ్చేవి. మూడో వారానికి బాపమ్మ తన తెల్లచీర తెచ్చి "నాది గూడ ఎయ్యి బిడ్డా" అంది.

మిగిలిన టైంలో అమ్మ ఏం చేసింది? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఏదో కుట్టుపని నేర్చుకుందనో చదువుకుందనో చెప్తానని. అమ్మ పడుకుంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, చాప వేసుకుని, ఫ్యాన్ కింద, గంటన్నర నిద్రపోయింది. నాకు ఊహ తెలిశాక అమ్మ పగలు పడుకోవడం అదే మొదలు. ఆ నిద్రకు ఇంకే సాకూ అక్కర్లేదు. బాపు నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే మేం గుసగుసలు కూడా ఆడేవాళ్ళం కాదు, ఎందుకు పడుకున్నావని ఎవరూ అడగలేదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం అమ్మ తొక్కు జాడీ తన ముందుకు జరుపుకుంది. నూనెతో సహా ఎర్రగా కలుపుకుని రెండోసారి కూడా పెట్టుకుంది.

బండ మీద ఉతకడం అంత మంచి వ్యాయామమే అయితే, మన ఊళ్ళల్లో తరతరాలుగా దాన్ని ఒక్క కులానికే ఎందుకు అప్పగించారు? మా అమ్మమ్మ ఊళ్ళో ఊరందరి మైల బట్టలూ మూట కట్టుకుని రేవుకు పోయినవాళ్ళు, చౌడు మట్టి పెట్టి ఆవిరికి ఉబ్బేసి, మోకాలి లోతు నీళ్ళలో పొద్దంతా నిలబడినవాళ్ళు ఆరోగ్యం కోసం నిలబడలేదు. కల్లంలో కొలిచే నాలుగు గింజల కోసం నిలబడ్డారు. ఆ ఆరోగ్యం పెద్దిళ్ళవాళ్ళకు అక్కర్లేకపోయిందా? మెసేజ్ రాసినవాళ్ళు ఒక్క రోజైనా ఆ నీళ్ళలో దిగారా?

అమ్మకు ఇప్పుడు 66 ఏళ్ళు. కుడిచెయ్యి పిడికిలి పూర్తిగా మూసుకోదు, చిటికెన వేలు బయటే ఉండిపోతుంది. అరుగుదల అన్నాడు డాక్టర్. ఉతుకుడు ఒక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ ఆ చెయ్యి చేసిన పనులన్నీ నాకు తెలుసు.

ఆ మెసేజ్ కింద నేను వాదన పెట్టుకోలేదు. అమ్మను అడిగి, పిడికిలి మూయబోతున్న ఆ చెయ్యి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "ఇది వ్యాయామం చేసిన చెయ్యి" అని మాత్రం రాశాను. రాత్రి దాకా ఎవరూ ఏమీ అనలేదు. పదిన్నరకు మా పెద్దమ్మ, గ్రూపులో ఎప్పుడూ ఒక్క మాట రాయని మనిషి, తన రెండు చేతులు దుప్పటి మీద పరిచి ఫోటో తీసి దాని కింద పెట్టింది.