రంగులు తర్వాత, ముందు పేర్లు రాయండి

పాత నాటకం ఫోటో ఒకటి దొరికితే చాలు, దాన్ని ఫోన్‌లో ఏదో ఒక యాప్‌లోకి ఎక్కించి రంగులు వేయించేస్తున్నాం. అర నిమిషం పని. నలుపు తెలుపుల్లో ఉన్న కృష్ణుడికి నిగనిగలాడే ముఖం, ఎర్రటి పెదాలు, పట్టు పంచె వచ్చేస్తాయి. ఫ్యామిలీ గ్రూపుల్లో తెల్లారేసరికి అది తిరుగుతూ ఉంటుంది. అందరూ సంతోషంగానే ఉన్నారు కాబట్టి అడ్డుపడటం మర్యాద కాదేమో. కానీ ఆ కృష్ణుడి ముఖం చూడండి. దాదాపు తెల్లగా ఉంది. కృష్ణుడి వేషానికి ముఖానికి నీలం పూస్తారు కదా, ఆ నీలం ఎటు పోయింది?

దీని వెనక చిన్న కెమెరా కథ ఉంది. ఆ కాలం ఫోటో ప్లేట్లకు, అంటే కెమెరాలో బొమ్మ పడే గాజు పలకలకు, అన్ని రంగులూ సమానం కావు. నీలాన్ని అవి ఇట్టే పట్టేసేవి, కాబట్టి ప్రింటులో నీలం తెల్లబోయి కనబడుతుంది. ఎరుపు వాటికి దాదాపు కనబడదు, కాబట్టి ఎరుపు నల్లగా పడుతుంది. అందుకే ఫోటోగ్రాఫర్లు డార్క్‌రూములో ఎర్ర బల్బు పెట్టుకుని నిశ్చింతగా ఆ ప్లేట్లను కడుక్కునేవాళ్ళు. ఎర్ర వెలుతురు వాటికి చీకటితో సమానం. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లు 1906లోనే అమ్మకానికి వచ్చాయి. అయినా అవి మామూలు వాడకంలోకి రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. దీని అర్థం ఏమిటంటే, పాత నాటకం ఫోటోలో నల్లగా కనబడే చీర అసలు కుంకుమ ఎరుపు కావచ్చు. తెల్లగా కనబడే ముఖం నీలం పూసుకున్న ముఖం కావచ్చు. నుదుటి మీద నల్లటి చుక్క దిష్టిచుక్క కాదు, బొట్టు.

యాప్‌కి ఇదంతా తెలియదు. అది బూడిద రంగు ఎంత చిక్కగా ఉందో చూసి, ఇంతకుముందు చూసిన లక్షల ఫోటోల అలవాటు కొద్దీ ఒక రంగు ఊహిస్తుంది. మనుషుల ముఖం అనుకుంటే మనుషుల ఛాయ వేస్తుంది. వేషం అనేది ఒకటి ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. ఫలితంగా మేకప్ మనిషి రాత్రి రెండు గంటలు కష్టపడి దిద్దిన ముఖాన్ని ఇవాళ మనం అర నిమిషంలో కడిగేస్తున్నాం, అదీ ఆ కళ మీద ప్రేమతో.

పాత స్టూడియోల్లో కూడా ఫోటోలకు చేత్తో రంగులు వేసేవారు కదా అనవచ్చు. వేసేవారు, నిజమే. కానీ ఆ బ్రష్షు పట్టుకున్నవాడు చాలాసార్లు ఆ ఊరివాడే. చీర ఏ రంగో ఫోటో దిగినవాళ్ళను అడిగేవాడు, ముందురోజు రాత్రి నాటకం చూసి కూడా ఉండొచ్చు. తప్పు వేసినా అది తెలిసి వేసిన తప్పు. ఈ యాప్‌కి అడగడానికి ఎవరూ లేరు.

ఇంతకీ ఆ ఫోటోలు ప్రదర్శనలో తీసినవి అనుకోవడం కూడా పొరపాటే. మన ఆటల్లో ఎక్కువ రాత్రి ఆటలే. వీధి భాగవతమైనా, తోలుబొమ్మలాటైనా, పద్య నాటకమైనా తెల్లవార్లూ కాగడాల వెలుతురులోనో, తర్వాతి రోజుల్లో పెట్రోమాక్స్ లైట్ల కిందో నడిచేవి. ఆ వెలుతురు అప్పటి కెమెరాకు ఏ మూలకూ సరిపోదు. అందుకని వేషంతో పగటిపూట స్టూడియోకి వెళ్ళి నిలబడేవాళ్ళు. వెనక పరదా మీద ఏదో మేడ, పూలకుండీ, ఒక్కోసారి సరస్సు. ముందు గద పట్టుకున్న భీముడు, చేత్తో జడ పట్టుకున్న సత్యభామ. పద్యం లేదు, హార్మోనియం లేదు, ‘వన్స్ మోర్’ లేదు. అవి ప్రదర్శన ఫోటోలు కావు, ఆ నటుడు తనను లోకం ఎలా గుర్తుపెట్టుకోవాలనుకున్నాడో చెప్పే ఫోటోలు. నాకు అవి అందుకే ఇంకా ఇష్టం. కాకపోతే ‘అప్పట్లో నాటకం ఇలా ఉండేది’ అని వాటిని చూపించకండి.

ప్రదర్శన కావాలంటే ఫోటో మధ్యలో కాదు, అంచుల్లో వెతకాలి. నాటక సమాజం గ్రూప్ ఫోటోలో నడిమి కుర్చీ నాటకాల కాంట్రాక్టరుదో, ఊరి పెద్దదో అయి ఉంటుంది. అటూ ఇటూ నాయకుడు, నాయిక. చివర్లో హార్మోనిస్టు, తబలిస్టు. వెనక వరసలో పరదాలు లాగేవాళ్ళు, సీనరీ మోసేవాళ్ళు, లైట్లకు గాలి కొట్టేవాళ్ళు. స్టేజీ మీద మైకు కనబడితే ఒక కాలం, కనబడకపోతే ఇంకో కాలం. మైకు లేని రోజుల్లో ఆఖరి వరసకు పద్యం వినబడాలంటే గొంతు ఎంత ఎత్తులో పెట్టాలో, ఆ శ్రుతికి హార్మోనిస్టు ఎంత కాపు కాయాలో ఆ ఒక్క ఖాళీ చెబుతుంది. ప్రింటు కోసేటప్పుడు మాత్రం మనం మొదట కోసేది ఆ అంచుల్నే. ఫ్రేము సైజుకు సరిపోలేదని.

ఇక పేర్ల సంగతికి వస్తాను, అసలు గొడవ అదే. 1868, 1875 మధ్య ఇంగ్లీషు ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వేసింది. అందులో మన దేశపు మనుషుల ఫోటోలు 460కి పైనే. ఎక్కువ ఫోటోల కింద ఉన్నది మనిషి పేరు కాదు, కులమో, తెగో, వృత్తో. నూటయాభై ఏళ్ళు గడిచాయి. ఇవాళ మనం పెట్టే క్యాప్షన్లు చూడండి: ‘బుర్రకథ కళాకారులు’, ‘జానపద కళాకారుడు’, ‘నాట్యగత్తె, పాత చిత్రం’. దొరలు పోయారు, వాళ్ళ క్యాప్షన్ పోలేదు.

బుర్రకథ ఫోటోలో ముగ్గురుంటారు. నడుమ తంబురాతో కథకుడు, చెరోపక్క గుమ్మెట డోళ్ళతో వంత పాడేవాళ్ళు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు షేక్ నాజర్ అయితే మనకు పేరు తెలుసు, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. మరి పక్కనున్న ఇద్దరు? జనం నవ్వింది హాస్యం చెప్పినవాడికి. పోలీసులకు మండింది రాజకీయం మాటలకు. ఆ పేర్లు చాలా ఫోటోల కింద లేవు. ఉన్నచోట ‘బృందం’ అని ఉంటుంది. ఈ ‘బృందం’ అనే మాట మన కళాచరిత్రలో పెద్ద గోతాం. ఎంతమందినైనా అందులో వేసి మూతి కట్టేయొచ్చు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటకాలు కుటుంబాలకు కుటుంబాలే నడిపినవి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చినప్పుడు లీలావతి వేషం వేసిన కమలాబాయి ఆ సురభి మనిషే. సినిమాకు వెళ్ళినవాళ్ళ పేర్లు టైటిళ్ళలో పడి మిగిలాయి. డేరాలోనే ఉండిపోయి, రాత్రి వేషం వేసి, పొద్దున పరదాలు మడతపెట్టిన ఆడవాళ్ళలో ఎందరో ఫోటోల్లో ముఖాలుగానే మిగిలారు.

మగవాళ్ళ ఆడవేషాలది ఇంకో చిక్కు. స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా దిగిన ఫోటోలు చూసి ఆడమనిషి కాదని ఒక పట్టాన నమ్మలేం. ఆయన పేరున్నవాడు, 1956లో పద్మశ్రీ అందుకున్నవాడు కాబట్టి సరిపోయింది. ఊరూరా ఆడవేషాలు కట్టిన పేరులేని నటుల ఫోటోలు ఎన్ని ఇళ్ళల్లో ‘మా ముత్తవ్వ’ పేరుతో గోడకెక్కాయో ఎవరు చెప్పగలరు!

రంగులు చూసైనా పిల్లలు ఆ ఫోటో దగ్గర ఆగుతున్నారు కదా, చెదలు తినేలోపు స్కానింగ్ అయినా అవుతోంది కదా అనేది అవతలి వాదన. స్కానింగ్ వరకు నేనూ ఒప్పుకుంటాను. స్కాన్ చేయండి, ఒరిజినల్ బొమ్మను మాత్రం మార్చకండి. రంగులదే తేడా. రంగు చూసి ఆగిన పిల్లాడు ‘ఈయనెవరు?’ అని అడిగితే మన దగ్గర జవాబు లేనప్పుడు వాడు ఆగి ఏం లాభం?

పేర్లు దొరకవనేది సాకు. 2008లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఫోటోలు కొన్ని వేలు ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో పెట్టి, తెలిసినవాళ్ళు వివరాలు చెప్పండని జనాన్నే అడిగింది. జనం చెప్పారు, లైబ్రరీ సరిచూసుకుని తన రికార్డులు దిద్దుకుంది. మన దగ్గర వాట్సాప్ గ్రూపులకు కొదవేం లేదు.

ఇది ఏదో జ్ఞాపకాల ముచ్చట అనుకునేవాళ్ళకు ఒక మాట. వృద్ధ కళాకారుడు పింఛనుకు దరఖాస్తు పెడితే ఆఫీసులో మొదట అడిగేది ఆధారం. నలభై ఏళ్ళు ఊరూరా డోలు వాయించినవాడి దగ్గర ఏముంటుంది? కరపత్రంలో కథానాయకుడి పేరే అచ్చవుతుంది. పేపర్లో వార్త వస్తే ‘బృందం’ అనే వస్తుంది. మిగిలేది ఒక గ్రూప్ ఫోటో. అందులో తనెవరో రాసి ఉంటే అది కాగితం, రాసి లేకపోతే బొమ్మ. పక్కవాద్యం అనుకున్న వయొలిన్‌ను సోలో కచేరీకి ఎక్కించిన ద్వారం వెంకటస్వామి నాయుడు పెరిగిన ప్రాంతం మనది. అయినా పక్కన కూర్చున్నవాడి పేరు అడగడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

ఫోటో ప్రింటు తీయించి ఊళ్ళో ఎనభై దాటినవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళండి. ఫోన్ తెర మీద చూపిస్తే వాళ్ళకు ఆనదు. ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి మీద వేలు పెట్టి అడగండి, నడిమి కుర్చీ ఆయన్ని ఆఖరున అడిగినా పర్లేదు. వాళ్ళు చెప్పింది ఒరిజినల్ వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచు పక్కన రాయండి. బాల్‌పెన్ వద్దు, ముందువైపు గాట్లు పడతాయి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి. తెలియని మనిషి దగ్గర ‘తబలా, పేరు తెలియదు’ అని రాయండి. ఎప్పుడో ఎవరో అది తిప్పి చూసి, ఆయన మా తాత అనొచ్చు.