లాల్‌బాగ్‌లో ఫోటో దిగే ముందు ఆ చెట్టు పేరు చదవండి

పోయిన ఆదివారం పొద్దున ఆరున్నరకే కెమెరా పట్టుకుని బెంగళూరులోని పాత తోట లాల్‌బాగ్‌కి వెళ్లాను. ఈ ఊరు వచ్చి తొమ్మిదేళ్లు, ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఈసారి మాత్రం కడుపు మండి తిరిగొచ్చాను. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ఒక పాత మామిడి చెట్టు బెరడు దగ్గర్నుంచి తీద్దామని జూమ్ చేశాను. కత్తితో చెక్కిన ప్రేమ గుర్తు, లోపల రెండు పేర్లు. తెలుగులో! గాటు కొత్తది, అంచుల్లో జిగురు ఇంకా తడిగా ఉంది, దానికి చీమలు పట్టాయి. మన అక్షరాలు అలా కనబడేసరికి సిగ్గుతో ఫోటో కూడా తీయలేకపోయాను. పదడుగుల దూరంలో ఒక షూట్ టీమ్, పెళ్లికూతురి మీద పూలు రాలాలని కొమ్మ పట్టుకుని ఊపేస్తున్నారు. వద్దని చెబితే "చెట్టే కదా అన్నా" అన్నారు.

చెట్టే కదా అనడానికి నోరెలా వస్తుంది? 1760లో హైదర్ అలీ తుమకూరు దగ్గరి సిరా ఊళ్లోని తోట చూసి ముచ్చటపడి వేయించిన తోట ఇది. కొడుకు టిప్పు దూరదేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించి నాటించాడు. ఇప్పుడు 240 ఎకరాలు. ఫోటో పెడితే చాలు, ఇది హైదర్‌దా, ఇంగ్లీషువాళ్లదా అని కొట్టుకుంటారు. నన్నడిగితే ఆ కొట్లాటే అనవసరం. తోటకి పునాదిరాయి ఒక్కరోజు వేస్తే సరిపోదు, ప్రతి తరంలో ఒకరు దగ్గరుండి పెంచాలి.

జాన్ కామెరాన్‌నే తీసుకోండి. 1874లో వచ్చి మూడు దశాబ్దాల పైన ఈ తోట బాధ్యత చూస్తూ ఇక్కడే పనిచేశాడు. అందరం సెల్ఫీలు దిగే గ్లాస్ హౌస్‌కి 1889లో శంకుస్థాపన జరిగింది ఆయన హయాంలోనే. అంతకంటే నాకు ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మా అమ్మ పప్పులో వేసే బెంగళూరు వంకాయని ఈ ఊరికి పరిచయం చేసింది ఆయనే అంటారు. మన వంటింట్లో కూరగాయకి బెంగళూరు పేరు ఊరికే రాలేదన్నమాట.

ఆయన తర్వాత 1908లో క్రుంబిగల్ వచ్చాడు. జర్మన్. లండన్‌లోని క్యూ (Kew) అనే తోటలో పనిచేసి, బరోడా మీదుగా ఇక్కడికి చేరాడు. ఒక రకం పూలు రాలిపోయే వేళకి ఇంకో రకం విచ్చుకునేలా చెట్లు ఎంచి ఊరంతా నాటించాడు. ట్రాఫిక్‌లో టెన్షన్‌తో చస్తూ కూడా తలెత్తితే గులాబీ రంగు పూలు కనిపిస్తాయే, అందులో ఆయన ఆలోచన ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ అని బ్రిటిష్‌వాళ్లు నిర్బంధించారు. అయినా ఈ ఊరు వదల్లేదు, 1956లో ఇక్కడే కన్నుమూశాడు. తర్వాత జవరాయ, మరిగౌడ తోటని అంతే ప్రేమగా చూసుకున్నారు.

వీళ్ల గురించి చెప్పకుండా, కెమెరాలతో గుంపుగా నడిపించే ఫోటో వాక్‌లంటే నాకు కోపం. మొన్న ఒకదానికి డబ్బు కట్టి వెళ్లాను. రెండు గంటలు లెన్సులు, వెలుతురు గురించే చెప్పారు. ఒక్క చెట్టు పేరు పలకలేదు. చాలా చెట్లకి పేరు రాసిన పలక ఉంది, చదవడానికి అర నిమిషం పట్టదు.

ఆదివారం చివరికి తోటలోనే కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కి కూర్చున్నాను. దాదాపు 300 కోట్ల ఏళ్ల రాయి. వంగి చూస్తే తెలుపు, నలుపు చారలు పిండి కలిపినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. అరచేయి ఆనిస్తే పొద్దుటి చల్లదనం ఇంకా ఉంది. నేను తీసిన 140 ఫోటోల్లో దాచుకుంటున్నది ఆ చారలదొక్కటే.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నా, నాకు డబ్బులేం ఇవ్వక్కర్లేదు. కెమెరా లేకపోయినా రండి. ఆ మామిడి చెట్టు దగ్గరే మొదలుపెడదాం.